రియోలో బ్లాక్ డ్యాన్స్ పార్టీలు: అమెరికన్ పాటలకి ఆడుతూ 'ఇది మాది' అంటారేంటి?

కొత్తరియో_కిరణ్:

బ్రెజిల్‌లో ఉన్నవాళ్లు గానీ ఆ సంగీతం తెలిసినవాళ్లు గానీ ఎవరైనా చెబుతారని అడుగుతున్నా. ఉద్యోగం మీద రియో వచ్చి కొన్నాళ్లయింది. ఆఫీసులో ఒకావిడ ఉన్నారు, నార్త్ జోన్‌లో పుట్టి పెరిగినావిడ. "శనివారం రాత్రి మదురేరా రండి, మావాళ్ల డ్యాన్స్ చూద్దురు గాని" అంటే వెళ్లాను. నెగ్రావ్ జి లీమా ఫ్లైఓవర్ కింద జరుగుతుంది, 'బైలీ షార్మి' అంటారు (మన ఛార్మి కాదు).

సాంబా డప్పులు ఉంటాయనుకున్నా, ఒక్కటంటే ఒక్కటి లేదు. మొత్తం అమెరికన్ ఆర్ అండ్ బీ, అంటే అక్కడి నల్లజాతివాళ్ల పాటలు. జనం వరసలు కట్టి, ఎవరూ ముందు నిలబడి చెప్పకుండానే అందరూ ఒకటే స్టెప్పు: కుడికి రెండడుగులు, మడమ తాటించడం, పక్కకి తిరగడం, మళ్లీ మొదట్నుంచి. అరవై దగ్గర పడ్డ ఒకాయన, మడత నలగని తెల్ల ప్యాంటు, అంచున్న టోపీ, ఆయన పక్కన పదహారేళ్ల కుర్రాడు, ఇద్దరి భుజాలూ ఒక్కసారే కదులుతున్నాయి. చెమటలు కారుతున్నా టోపీ తియ్యడు ఆయన.

నా డౌటేంటంటే, ఆవిడ చాలా గర్వంగా "ఇది మా నల్లజాతి సంస్కృతి" అన్నారు. సాంబా గురించి అంటే ఒప్పుకుంటా. పోర్తెలా, ఇంపేరియో సెరానో లాంటి సాంబా స్కూళ్లు (కార్నివాల్ ఊరేగింపు బృందాలు) ఆ చుట్టుపక్కలే పెట్టుకుని, వేరే దేశం పాటలకి ఆడుతూ, అందులో సగం మందికి ఇంగ్లీషు కూడా రాకుండా, అది మా గుర్తింపు అంటే ఎలా? ఆవిణ్ని అడగటానికి మొహమాటమేసింది.

నితెరోయి_పద్మ:

కిరణ్ గారూ, మీ ప్రశ్న వయసు దగ్గర దగ్గర యాభై ఏళ్లు. 1976 జూలై 17న జోర్నల్ దో బ్రజీల్ పత్రికలో లేనా ఫ్రియాస్ అనే జర్నలిస్టు ఈ పార్టీల మీద పెద్ద కథనం రాశారు. బ్రెజిల్లో నల్లజాతివాడిగా ఉండటంలోని గర్వం అని హెడ్డింగు పెట్టి, 'గర్వం' పక్కన బ్రాకెట్లో 'దిగుమతి' అని తగిలించారు. 'బ్లాక్ రియో' అన్న పేరు ఊరంతా పాకింది ఆ కథనంతోనే. ఆ బ్రాకెట్ మీద గొడవ ఇంకా తెగలేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1970లో బొతఫోగోలోని కనెకావ్ అనే పెద్ద హాల్లో బిగ్ బాయ్ అనే రేడియో అనౌన్సరు, ఆదెమీర్ లెమోస్ అనే డీజే కలిసి 'బైలీ దా పెజాదా' మొదలుపెట్టారు. రాక్, సోల్ (అమెరికా నల్లజాతి గాయకుల సంగీతం) కలిపి వేసేవాళ్లు. కనెకావ్ వాళ్లు పెద్ద గాయకుల షోల వైపు మళ్లాక పార్టీకి అక్కడ చోటు పోయి, నార్త్ జోన్ క్లబ్బులకి, రైలు మార్గం వెంబడి శివార్లకి తరలింది. అక్కడి జనం సోల్‌ని పట్టుకున్నారు.

ఇక అందరాయీలోని రెనసెన్సా క్లబ్. దీన్ని 1951లో నల్లజాతి మధ్యతరగతి వాళ్లు పెట్టుకున్నారు, డాక్టర్లు, లాయర్లు, ఉద్యోగులు. ఎందుకంటే తెల్లవాళ్ల క్లబ్బుల్లో వాళ్లకి మర్యాద దొరికేది కాదు. అంతకు ముందు ఏడాదే అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి డ్యాన్సర్ కేథరిన్ డన్‌హమ్‌కి సావోపాలోలో ఒక హోటల్ గది ఇవ్వలేదు, దాని మీద రచ్చ అయ్యాక 1951లో జాతి వివక్షని శిక్షించదగ్గ తప్పుగా చేస్తూ చట్టం తెచ్చారు. చట్టం వచ్చింది గానీ క్లబ్బు గేటు దగ్గర మారిందేమీ లేదు.

ఈ రెనసెన్సాలోనే 70ల మొదట్లో దోం ఫిలో అనే కుర్ర ఇంజనీరు, ఆయన మిత్రులు 'షాఫ్ట్ నైట్' అని డ్యాన్సులు పెట్టారు, తర్వాత అదే 'సోల్ గ్రాన్ ప్రీ' టీమ్ (స్పీకర్లు, రికార్డులు తెచ్చి పార్టీ నడిపే బృందం) అయింది. పాట మోగుతుండగా గోడ మీద స్లైడ్లు వేసేవాళ్లు. నల్లజాతి సినిమా తారలు, పాటగాళ్లు, మధ్యలో పోయిన వారం అదే హాల్లో తీసిన ఫోటోలు. అంటే టీవీలో తనలాంటి మొహం పనిమనిషి వేషంలో తప్ప కనపడని రోజుల్లో, ఒక అమ్మాయి తలెత్తి చూస్తే గోడ నిండా తనే, తన గుండ్రటి జుట్టుతో సహా. పాట ఏ భాషలో ఉంటే ఆ అమ్మాయికేం?

ఇంకోటి, అది మిలిటరీ పాలన. "మా దేశంలో జాతి సమస్యే లేదు" అన్నది ప్రభుత్వం మాట. 1970 జనాభా లెక్కల్లో రంగు అడిగే గడినే ఎత్తేశారు. అలాంటి చోట వేలమంది ఒక్క హాల్లో చేరి "మేం నల్లవాళ్లం" అంటే పాట కన్నా ఆ గుంపే పెద్ద వార్త. రహస్య పోలీసులు ఈ పార్టీల మీద నిఘా పెట్టారు, వెనక అమెరికా నల్లజాతి సంస్థల డబ్బుందేమోనని. జిల్బెర్తో ఫ్రెయిరీ లాంటి పెద్ద మేధావి 1977లో పత్రికకెక్కి, బయటి నుంచి జాతి ద్వేషం తెస్తున్నారని హెచ్చరించాడు. రాక్ మీద కూడా ఇలాంటి గోల లేకపోలేదు, 1967లో ఎలక్ట్రిక్ గిటార్ వద్దని సావోపాలోలో ఊరేగింపే తీశారు. కానీ గిటార్ పట్టుకున్న తెల్ల కుర్రాణ్ని జాతుల మధ్య చిచ్చు పెడుతున్నావని మాత్రం ఎవరూ అనలేదు. 'దిగుమతి' అన్న మాట ఎవరి మీద పడుతోందో చూస్తే చాలావరకు అర్థమైపోతుంది.

బెజవాడ_వినైల్:

పద్మ గారు చెప్పినదంతా నిజమే, కాకపోతే కొంచెం ఉద్యమం రంగు ఎక్కువ పూశారు అనిపిస్తోంది. నేను పాత రికార్డులు పోగేసేవాణ్ని, ఆ రూట్లో ఇవి చదివాను. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వారమంతా పని చేసి శనివారం డ్యాన్స్ చేద్దామని, బట్టలు చూపించుకుందామని, అమ్మాయిలతో మాట్లాడదామని వెళ్లినవాళ్లే. ఎత్తు మడమల రెండు రంగుల బూట్లు కొనడానికి జీతం తగలేసినవాళ్లు. దానికి అంత సిద్ధాంతం అక్కర్లేదు.

పైగా అది వ్యాపారం. స్పీకర్లు గోడలాగా పేర్చి, మా టీమ్ గొప్పా మీ టీమ్ గొప్పా అని పోటీ. సోల్ గ్రాన్ ప్రీ, బ్లాక్ పవర్, ఫురాకావ్ 2000, ఇలా బోలెడు. కొత్త అమెరికన్ రికార్డు చేతికి దొరికితే మధ్యలో ఉండే లేబుల్ చింపేసేవాళ్లు, పక్క టీమ్ వాడు పేరు చదివి తెప్పించుకోకుండా! దానివల్ల జనానికి పాట పేరు తెలిసేది కాదు, ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, చెవికి ఏది పోర్చుగీసులా వినపడితే దాంతో 'ఫలానా మెలో' (అంటే ఫలానా బాణీ) అని పేరు పెట్టేసేవాళ్లు. మనవాళ్లు హిందీ పాటని పల్లవిలో పట్టుబడ్డ మొదటి ముక్కతో పిలిచినట్టన్నమాట. ఆ టీమ్‌ల పేరుతో రికార్డు కంపెనీలు ఎల్పీలు వేసి అమ్ముకున్నాయి. 1977లో బందా బ్లాక్ రియో మొదటి ఆల్బమ్ వచ్చింది, సాంబానీ, సోల్‌కి దగ్గరి చుట్టమైన అమెరికన్ ఫంక్‌నీ కలిపి కొట్టారు, ఇప్పటికీ వింటే మతిపోతుంది, కానీ దాని వెనక కూడా పెద్ద కంపెనీ లెక్కలే.

నితెరోయి_పద్మ:

వినైల్ గారూ, డ్యాన్స్ కోసమే వెళ్లారు, ఒప్పుకుంటా. ఇస్త్రీ బట్టలు వేసుకుని ఎవరికీ తల వంచకుండా ఒక రాత్రి గడపడం కోసం వెళ్లడం, దాన్ని మీరు రాజకీయం కాదంటారు, నేను అవునంటాను, అక్కడే మనకి తేడా. వ్యాపారం సంగతంటారా, సాంబా స్కూళ్లలో లేదా ఏమిటి వ్యాపారం?

ఫ్రీక్వెంట్_ఫ్లయర్:

ఇవి ఫవేలా (అక్కడి పేదల బస్తీలు) ఫంక్ పార్టీలేగా? గన్స్ అవీ ఉంటాయంటారు. జాగ్రత్త బ్రో.

సావోపాలో_సుబ్బు:

కాదండీ ఫ్లయర్ గారూ, అది వేరు, ఇది వేరు. రియో ఫంక్ 80ల్లో మయామీ బాస్ అనే అమెరికన్ బీట్ మీద పెరిగింది, 1989లో డీజే మర్ల్‌బోరో పోర్చుగీసు పాటలతో రికార్డు వేశాక సొంత కాళ్ల మీద నిలబడింది. షార్మి అలా కాదు, అదే సోల్ చెట్టుకి ఇంకో కొమ్మ. 80ల మొదట్లో రియోలోని మెయెర్‌లో డీజే కొరేలో నెమ్మది ఆర్ అండ్ బీ పాటలకి ఆ పేరు పెట్టాడు. ఫంక్‌కి మాత్రం చెడ్డపేరు ఎలా అంటిందో కూడా చూడాలి. 1992లో అర్పొవదోర్ బీచ్‌లో కుర్రాళ్ల గుంపులు కొట్టుకుంటే టీవీల్లో అది దోపిడీ దండయాత్రలా చూపించారు, అప్పట్నుంచి శివార్ల నుంచి వచ్చిన నల్ల కుర్రాడంటే భయపడటం మామూలైపోయింది. 2009లో రియో రాష్ట్రం ఫంక్‌ని సంస్కృతిగా గుర్తిస్తూ చట్టం చేసింది, అయినా ఆ భయం పోలేదు, మీ కామెంటే సాక్ష్యం.

కిరణ్ అన్నా, రియో ఒక్కటే చూస్తే సగం కథే. మా సావోపాలోలో ఇది ఇంకా పాతది. 50ల చివర్లోనే ఒస్వాల్దో పెరేరా అనే ఆయన సొంతంగా పరికరాలు తయారుచేసుకుని తెర వెనకనుంచి రికార్డులు వేసేవాడు, పేరు 'కనపడని ఆర్కెస్ట్రా'. బ్యాండు పెట్టుకునే స్తోమత లేని నల్లజాతి కుటుంబాల డ్యాన్సులకి అదే దిక్కు. బ్రెజిల్లో మొదటి డీజే అని ఆయన్నే అంటారు. అలాంటి పార్టీల్లోనే సాంబా రాక్ స్టెప్పు పుట్టింది, జంటగా ఆడతారు, చేతులు వదలకుండా మెడ చుట్టూ తిప్పి ముడి వేసి విప్పుతారు, చూడటానికి తేలిక, నేర్చుకోబోతే భుజం పట్టేస్తుంది. 2016లో మా నగరం దాన్ని వారసత్వంగా గుర్తించింది. 70ల్లో షిక్ షో అనే టీమ్ వాళ్లు పాల్మెయిరస్ క్లబ్బు హాల్లో పార్టీలు పెట్టి 1978లో ఏకంగా అమెరికన్ సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌నే రప్పించారు.

వినైల్ గారి "సిద్ధాంతం అక్కర్లేదు" మీద ఒక మాట. అప్పట్లో సిటీ సెంటర్‌లో షా బ్రిడ్జి మీద నల్లజాతి కుర్రాళ్లు గుంపుగా చేరేవాళ్లు, ఈ వారం ఏ పార్టీ ఎక్కడో కాగితాలు పంచుకోవడానికి. బ్రిడ్జి పక్కనే మునిసిపల్ థియేటర్. 1978 జూలై 7న ఆ థియేటర్ మెట్ల మీదే నల్లజాతి ఐక్య ఉద్యమం మొదటి బహిరంగ సభ జరిగింది, అదీ మిలిటరీ పాలనలో. పోలీసుల హింసలో చనిపోయిన ఒక యువకుడు, నల్లవాళ్లని ఒక క్లబ్బు తన వాలీబాల్ టీమ్‌లోంచి నలుగురు కుర్రాళ్లని తీసేయడం, ఈ రెండూ కారణాలు. పార్టీ కాగితాలు పంచుకునే చోటే సభ కరపత్రం కూడా చేతులు మారింది. డ్యాన్స్ వల్లే ఉద్యమం వచ్చిందని నేననను, కానీ ఒకర్నొకరు గుర్తుపట్టే చోటు లేకపోతే మెట్ల మీదకి ఎవరొస్తారు?

కొత్తరియో_కిరణ్:

సుబ్బు గారూ, పద్మ గారూ, థాంక్స్. ఇంకో సందేహం. తెల్ల మేధావులు తిట్టారు సరే, సాంబా వాళ్ల సంగతేంటి? వాళ్లూ నల్లజాతివాళ్లే కదా, వాళ్లకి ఇది నచ్చిందా?

నితెరోయి_పద్మ:

చాలామందికి నచ్చలేదు, అందులో న్యాయం కూడా ఉంది. పోర్తెలాలో పెరిగిన కందేయా అనే గొప్ప సాంబా కవి 1977లో సోల్ కన్నా నాకు సాంబాయే మేలంటూ పాటే కట్టాడు. కానీ ఆయన కోపం సోల్ మీద ఒక్కదాని మీదే కాదు. సాంబా స్కూళ్లలోకి బయటి డబ్బు, బయటి డిజైనర్లు వచ్చి, ఊరేగింపు టూరిస్టుల షోలా మారి, పాతవాళ్లని పక్కకి నెట్టేస్తున్నారని 1975లోనే పోర్తెలా వదిలి 'కిలోంబో' అని వేరే స్కూలు పెట్టుకున్నాడు. అంటే పెద్దాయన సాంబాలో వెతికినదీ, కుర్రాళ్లు సోల్‌లో వెతికినదీ ఒకటే అని నా అభిప్రాయం, మాకంటూ మేం నడుపుకునే ఒక చోటు. కుర్రాళ్లకి సాంబా అప్పటికే దేశం మొత్తానిది అయిపోయింది, ప్రభుత్వం కూడా "చూడండి మా కలిసిమెలిసి బతకడం" అని దాన్నే చూపించేది. సోల్‌ని అలా చూపించుకోవడం ప్రభుత్వానికి చేతకాలేదు.

సల్వదోర్ అనే ఇంకో నగరంలో అయితే ఈ గొడవ ఇంకోలా తేలింది. లిబెర్దాజీ పేటలో సోల్ వింటూ పెరిగిన కుర్రాళ్లే 1974లో 'ఇలే ఐయే' అని కార్నివాల్ బృందం పెట్టారు, ఆఫ్రికా బట్టలు, ఆఫ్రికా తాళాలు, నల్లజాతివాళ్లకి మాత్రమే ప్రవేశం. మరుసటి ఏడాది వీధిలోకి రాగానే స్థానిక పత్రిక జాత్యహంకార బృందం అని రాసింది. ఇందులో ఒక్క అమెరికన్ పాట లేదు, అయినా తిట్టు మాత్రం అదే! 'దిగుమతి' అభ్యంతరం ఎంత నిజాయితీదో దీన్నిబట్టి చూసుకోండి.

బెజవాడ_వినైల్:

సల్వదోర్ పాయింట్ బాగుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. లేబుళ్లు చింపిన సంగతి మాత్రం వదలను, ఆ రికార్డులు కొన్నవాడికి ఆ బాధ తెలుస్తుంది.

సావోపాలో_సుబ్బు:

కిరణ్ అన్నా, మదురేరా పార్టీని 2013లో రియో నగరమే వారసత్వ సంపదగా ప్రకటించింది, అమెరికన్ పాటలతో సహా. మళ్లీ వెళ్తే ఫోన్ పట్టుకుని పక్కన నిలబడొద్దు. వెనక వరసలో చేరిపోండి, కొత్తవాళ్లు అక్కడే నేర్చుకుంటారు, తప్పు వేస్తే ఎవరూ నవ్వరు, పక్కవాళ్లే భుజం పట్టి తిప్పుతారు. షార్ట్స్, రబ్బరు చెప్పులు వద్దు, అక్కడ మంచి బట్టలు వేసుకోవడమే మర్యాద. ఇక మీ ఆఫీసు మేడమ్‌ని "ఇది మీదెలా అవుతుంది" అని కాకుండా "మీరు మొదటిసారి ఎవరితో వచ్చారు" అని అడిగి చూడండి.

కొత్తరియో_కిరణ్:

సోమవారం అడిగా. వాళ్ల నాన్నతో వచ్చారట. ఆయనదీ ఆ ఫ్లైఓవర్ కిందే రెండో వరస అట. వచ్చే శనివారం వెళ్తున్నా, తెల్ల ప్యాంటు ఒకటి కొనాలి, నార్త్ జోన్‌లో ఎక్కడ చవగ్గా దొరుకుతుందో ఎవరైనా చెప్పండి.