పాత రాలీ సైకిలుకు బీబీ కప్పు, కాటర్ పిన్నులు కావాలి (విజయనగరం, శ్రీకాకుళం వైపు)

గంటస్తంభం_వాసి:
మా తాతగారి రాలీ సైకిలు నా దగ్గర ఉంది. ముందు బిళ్ల మీద కొంగ తల, దాని కింద నాటింగ్‌హామ్ అన్న పేరు ఇప్పటికీ చదవడానికి వస్తాయి. పెడళ్ల దగ్గరి పళ్లచక్రంలో కూడా కొంగ తలలే కోసి ఉంటాయి. టైర్లకు, రాడ్ బ్రేకు రబ్బర్లకు ఇబ్బంది లేదు. 28 అంగుళాల సైకిళ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఏ షాపులో అడిగినా ఇస్తారు. బాధంతా పెడళ్ల మధ్య ఇరుసుతోనే. ఎక్కి తొక్కితే టక్కుటక్కుమంటుంది, ఎడమ క్రాంకు (ఇరుసుకూ పెడలుకూ మధ్య ఉండే చేయి) ఊగుతుంది. ఊళ్లో ఒక మెకానిక్ కొత్త బీబీ కప్పు (ఇరుసు చుట్టూ బాల్సు తిరిగేందుకు ఫ్రేములో బిగించే గిన్నె) తెచ్చి బిగించబోతే రెండు చుట్లు ఎక్కి పట్టేసింది. ‘ఫ్రేముకు కొత్తగా మర కోయిస్తే ఏదైనా పడుతుంది’ అంటున్నాడు. నాకు మనసొప్పలేదు, సైకిలు ఇంటికి తెచ్చేసుకున్నాను. కప్పు, కాటర్ పిన్నులు (క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే మేకులు) ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు చెప్పగలరు. దాన్ని గోడకు వేలాడదీసుకోమనే సలహా మాత్రం వద్దు, నేను తొక్కే మనిషిని.

రాజాం_రోడ్డు:
ఆ డబ్బుతో మంచి గేర్ల సైకిలు వస్తుంది కదండీ. ఎందుకీ తిప్పలు?

ఆమదాలవలస_పానా:
మాస్టారూ, మర కోయించకండి. మీరు ఆపి మంచి పని చేశారు. మా నాన్నగారిది సైకిల్ షాపు, నేను ఆ గ్రీజులోనే పెరిగాను. నాటింగ్‌హామ్ రాలీలకు ఆ కంపెనీ తన సొంత కొలత పెట్టుకుంది: కప్పుకు అంగుళానికి 26 మరలు. మిగతా ఇంగ్లీషు కొలత సైకిళ్లకు 24. రెండింటి వ్యాసమూ ఒకటే కావడంతో చేతికి సరిపోయినట్టే అనిపించి, రెండు చుట్ల తర్వాత బిగుసుకుంటుంది. మీకు జరిగింది అదే. 24 మర కోయిస్తే లోపలి లోహం నలిగిపోతుంది, ఆ తర్వాత పాత కప్పు కూడా పట్టదు.

అసలు కప్పు పోయిందని ఎవరన్నారు? ముందు విప్పి చూడండి. చైను వైపు కప్పుది రివర్సు మర, కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక ఎడమకు తిప్పి మరింత బిగించేవాళ్లు ఎక్కువ. కప్పును కిరోసిన్‌తో కడిగి, బాల్సు తిరిగే గాడిలో గోరు పెట్టి తిప్పండి. గోరు ఎక్కడా తట్టకపోతే కప్పు బాగున్నట్టే. బాల్సు పావు అంగుళానివి, ఒక్కో వైపు 11, ఏ షాపులోనైనా ఉంటాయి. పాతవాటితో కలపకుండా మొత్తం మార్చండి. ఇరుసు మీద గుంటలు పడితే మాత్రం వెతుకులాట తప్పదు. లేత్ మీద చేయించుకోవద్దు. బాల్సు తిరిగే చోట ఉక్కును కాల్చి గట్టిపరచకపోతే త్వరగా అరిగిపోతుంది.

కాటర్ పిన్ను వేరే సంగతి. అది క్రాంకు కంటే మెత్తగానే ఉండాలి, కాబట్టి లేత్ పని నడుస్తుంది. రాలీది 9.5 మి.మీ., 9 మి.మీ.వి కూడా బజారులో ఉంటాయి. వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) కొలిచి తీసుకోండి. సన్నది వేస్తే ఎంత బిగించినా వదులవుతుంది. ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ సరిచూడాలి. రెండు పిన్నులనూ ఎదురెదురుగా ఎక్కించాలి, లేకపోతే క్రాంకులు ఒకే గీతలోకి రావు. కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం ఆనించండి. లేదంటే ఆ సుత్తి దెబ్బలన్నీ బాల్సు మీదే పడి కప్పులో గుంటలు చేస్తాయి.

నెల్లిమర్ల_నివాసి:
మా జూట్ మిల్లు దగ్గర ఒకప్పుడు షిఫ్టు వదిలితే రోడ్డంతా సైకిళ్లే. అవన్నీ తుక్కు కొట్లకే చేరాయి. నెల్లిమర్లలో, చీపురుపల్లిలో తుక్కు కొనేవాళ్లను అడగండి, కానీ ‘రాలీ పార్టు’ అని అడిగితే లేదంటారు. పాత ఇరుసు చేతిలో పట్టుకెళ్లి కుప్పలో మీరే వెతకండి. హౌరా వెళ్లే బంధువులెవరైనా ఉంటే కోల్‌కతాలో బెంటింక్ స్ట్రీట్ సైకిల్ షాపుల్లో కూడా చూడమనండి.

గంటస్తంభం_వాసి:
రాజాం రోడ్డు గారూ, గేర్ల సైకిలు మా మనవడికి ఉంది. దాని చైను వారానికోసారి నేనే ఎక్కిస్తున్నాను.

పానా గారూ, విప్పాను. చైను వైపు కప్పు కుడికి తిప్పితే నిజంగానే వచ్చింది. రెండు కప్పుల్లోనూ గాడి అద్దంలా ఉంది! ఇరుసుకు ఎడమ వైపు మాత్రం చుట్టూ గుంటలు, బాల్సు రెండు చితికిపోయాయి. ఇక్కడి షాపులో దొరికిన పిన్నులు కొలిస్తే 9.5 వచ్చాయి, తీసుకున్నాను. ఆదివారం నెల్లిమర్ల వెళ్తున్నాను. ఇరుసు పొడవు, కాటర్ గాడి కొలతలు కాగితం మీద రాసుకున్నాను. ఇంకేమైనా కొలవాలంటే ఆలోగా చెప్పండి.

ఆమదాలవలస_పానా:
ఇరుసు మీద బాల్సు తిరిగే రెండు గాడుల మధ్య దూరం కొలవండి. మొత్తం పొడవు కలిసినా అది కలవకపోతే ఇరుసు పనికిరాదు.