వెబ్ పేజీ పాత ప్రతిని పరిశోధనలో ఆధారంగా చూపవచ్చా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
తొలినాటి తెలుగు వార్తా వెబ్‌సైట్లపై సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. నేను ఉటంకించదలచిన పేజీలు చాలావరకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. గూగుల్ ఫలితాల్లో పేజీ పాత ప్రతిని చూపే కాష్ లింకును 2024లో తీసివేశారు కనుక, పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో దొరికే ప్రతులే దిక్కయ్యాయి. వాటిని మూల పేజీతో సమానంగా చూపవచ్చా? కొన్నింటిలో తెలుగుకు బదులు అర్థంకాని రోమన్ అక్షరాలు కనిపిస్తున్నాయి. అవి పాడైపోయినట్టేనా?

సమాధానం 1 (గ్రంథాలయ ఉద్యోగి):
చూపవచ్చునమ్మా, అయితే కాష్‌నూ ఆర్కైవ్‌నూ ఒకే గాటన కట్టకూడదు. కాష్‌లో ఉండేది గూగుల్ చివరిసారి చూసిన ప్రతి మాత్రమే. కొత్తది రాగానే పాతది పోయేది కనుక, ఆ సదుపాయం ఉన్న రోజుల్లో కూడా దానిని ఆధారంగా చూపడం నాకు సమ్మతం కాదు. వేబ్యాక్ మెషీన్‌ను నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 1996 నుంచి పేజీలను సేకరిస్తూ, ఒక్కో సేకరణను తేదీతో సహా విడిగా ఉంచుతోంది. చిరునామాలోని 14 అంకెలే ఆ తేదీ, సమయం. ఉదాహరణకు 20040512203000 అంటే 2004 మే 12, రాత్రి 8:30. ఇది గ్రీనిచ్ కాలమానం కాబట్టి ఐదున్నర గంటలు కలిపితే మనకు మే 13 తెల్లవారుజాము 2 గంటలు అవుతుంది. ఎన్నికల ఫలితాల వంటి వార్తల్లో ఈ ఒక్క రోజు తేడా మీ వాదననే తారుమారు చేయగలదు.

సమాధానం 2 (చరిత్ర అధ్యాపకుడు):
ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. తెరపై కనిపించే పేజీ అంతా ఒకే క్షణంలో సేకరించినది కాకపోవచ్చు. వార్త ఒక రోజుదీ, పక్కనున్న ఫొటో నెలల తరువాతిదీ అయి ఉండవచ్చు. పైనున్న పట్టీలో ‘అబౌట్ దిస్ క్యాప్చర్’ నొక్కితే ఒక్కో భాగం ఎంత తేడాతో సేకరించబడిందో తెలుస్తుంది. ఫొటోపై ఆధారపడి ఏదైనా నిర్ధారించే ముందు దానిని తప్పక చూడండి.

సమాధానం 3 (ఫాంట్ల రూపకర్త):
ఆ పేజీలు పాడైపోలేదు, దయచేసి వాటిని వదిలేయకండి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు ఒక్కో పత్రిక తన సొంత ఫాంటు వాడుతూ, రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర భాగాలను అమర్చుకునేది. ఆ ఫాంటు ఫైలు ఆర్కైవ్‌లో లేకపోయినా, నేటి బ్రౌజర్ దానిని గుర్తించకపోయినా మీరు చెప్పిన రూపమే కనిపిస్తుంది. పాఠం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏ ఫాంటో తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు ఈ పనే చేసేది. చిరునామాలోని 14 అంకెల వెంటనే ఐ, డి అనే చిన్న ఆంగ్లాక్షరాలను, ఒక అండర్‌స్కోరును చేర్చితే, ఆర్కైవ్ చేసిన మార్పులేవీ లేని మూల ఫైలు వస్తుంది. మార్పిడికి దానినే తీసుకుని, అనుబంధంలో మూల పాఠాన్ని, మార్చిన పాఠాన్ని పక్కపక్కనే ఇవ్వండి. ఇప్పటికీ తెరుచుకుంటున్న పేజీలేవైనా ఉంటే, వాటిని ఈ రోజే వేబ్యాక్ మెషీన్‌లోని ‘సేవ్ పేజ్ నౌ’ ద్వారా భద్రపరచండి.