అప్‌డేట్: స్పార్క్ ప్లగ్ గ్యాప్ సరిచేశాక పికప్ ట్రక్ ఐడిల్ కుదుటపడింది

కొత్త స్పార్క్ ప్లగ్‌లు వేశాక నా పెట్రోల్ పికప్ ట్రక్ ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) వణుకుతోందని, రోడ్డు మీద మాత్రం బాగానే లాగుతోందని ఇంతకుముందు అడిగాను; గ్యాప్ (ప్లగ్ కొనలో నిప్పురవ్వ దూకే, మధ్య, పక్క ఎలక్ట్రోడ్‌ల నడుమ ఉన్న ఖాళీ) కొలవమన్న వారికి కృతజ్ఞతలు. ఫీలర్ గేజ్‌తో (సన్నని ఖాళీలు కొలిచే రేకుల సాధనం) చూస్తే, మాన్యువల్ ప్రకారం 1.1 మిల్లీమీటర్లు ఉండవలసిన గ్యాప్ అన్నింటిలోనూ 0.8 దగ్గరే ఉంది. ఐడిల్‌లో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) దాదాపు మూసుకొని ఉండి, సిలిండర్‌లోని మిశ్రమంలో కాలిన వాయువు పాలు పెరుగుతుంది కాబట్టి, ఇరుకు గ్యాప్‌లో పుట్టిన నిప్పురవ్వ ఒక్కోసారి మంటగా ఎదగకుండానే ఆరిపోతుంది. మధ్య ఎలక్ట్రోడ్‌ను తాకకుండా, పక్కదాన్ని మాత్రమే కొద్దికొద్దిగా వంచి సరిచేశాను. స్టీరింగ్ అదురు పోయింది, ఆర్‌పీఎం ముల్లు నిలకడగా ఉంది. అయితే గ్యాప్ ఇంకా పెంచడం తగదు: బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ ఆ వెడల్పు గ్యాప్‌ను దాటడానికి ఇగ్నిషన్ కాయిల్ ఇచ్చే వోల్టేజి చాలకపోవచ్చు.