సమస్య: "చెఱను గన్నవాఁడె చెఱను గూర్చె" (ఆటవెలది)

నిర్వాహకుని సూచన: స్కాట్లండులో ప్రెస్బిటేరియన్ సంఘకాపరిగా, దైవశాస్త్రవేత్తగా పేరొంది, 1768లో అమెరికాకు తరలి, నేటి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడై, 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన జాన్ విదర్‌స్పూన్ జీవితం ఆధారంగా పూరించగలరు. 1746లో ఫాల్కర్క్ యుద్ధం చూడబోయి జాకొబైట్లకు (బ్రిటన్ రాజుపై తిరుగబడిన స్టూవర్ట్ వంశ పక్షీయులకు) చిక్కి డూన్ కోటలో బందీగా ఉన్న ఆయనే తరువాత తన ఇంట బానిసలను ఉంచుకొన్నాడు.

మొదటి పూరణ:

డూను కోటలోన దీనుఁడై తపియించి
స్వేచ్ఛ విలువ నెఱిఁగి సీమ విడిచి
తోటివారు తన్ను దొర యని కొలువంగ
చెఱను గన్నవాఁడె చెఱను గూర్చె

పరిశీలన: ఆర్యా, 'డూను – దీను' ప్రాసయతి (రెండవ అక్షరాల పోలికతో కుదిరే యతి) హాయిగా కుదిరింది. 'కొలువంగ' ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక తరువాతి చకారం జకారమై సమస్య పాఠమే మారుతుంది. 'కొలిచిరి' అంటే గణమూ చెడదు, సంధి చిక్కూ ఉండదు. అంతకన్నా పెద్ద అభ్యంతరం రెండవ పాదంపై ఉన్నది. ఆయన స్వేచ్ఛను వెదకుతూ సీమ విడువలేదు. ప్రిన్స్‌టన్ కళాశాలవారు పిలిచినప్పుడు, భార్య ఎలిజబెత్ సముద్రయానానికి జంకినందువల్ల మొదట నిరాకరించి, ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న బెంజమిన్ రష్ ఆమెకు నచ్చజెప్పిన తరువాతనే ఓడ ఎక్కాడు. 'యాలితోడ నోడ నవలి కేఁగి' అని మార్చితే చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

రెండవ పూరణ:

చట్ట మేల యనుచు సభలోనఁ బలికెను
ముసలితనమునందు ముఖ్యుఁ డగుచు
నల్లవారి చుట్టు నాలుగు గోడలై
చెఱను గన్నవాఁడె చెఱను గూర్చె

పరిశీలన: అమ్మా, మీ పూరణలో సమస్య అతుకు తెలియకుండా ఒదిగింది. 1790లో బానిసత్వ నిర్మూలనను పరిశీలించిన న్యూజెర్సీ శాసనసభా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. అప్పటికి ఉన్న చట్టాలే చాలునని ఆ సంఘం తేల్చింది. 1774 ప్రాంతంలో బ్రిస్టల్ యామా, జాన్ క్వామినీ అనే ఇద్దరు ఆఫ్రికన్లకు ఆయనే పాఠాలు చెప్పాడు కనుక 'గోడలై' అన్నది ఘాటైన మాటే, అయినా తొలగించమనను.

స్కాట్లండులోని బీత్ గ్రామంలో ఉన్నప్పుడు జేమీ మోంట్‌గోమరీ అనే బానిసకు ఆయన బాప్తిస్మమిచ్చి, సత్ప్రవర్తన పత్రం కూడా వ్రాసి యిచ్చాడు. యజమాని నుండి తప్పించుకొని ఎడిన్‌బరో చేరిన జేమీ పట్టుబడి, న్యాయస్థానం తీర్పు చెప్పకముందే చెరసాలలో మరణించాడు. ఈ ఘట్టాన్ని ఎవరూ స్పృశించలేదు. మూడవ పూరణ దీనిపై వస్తే సంతోషిస్తాను.