ఇంట్లో చిన్న సీఎన్‌సీ రౌటర్ మొదలుపెట్టాలనుకుంటున్నాను: ఏ యంత్రం, ఏ చెక్క, ఏ జాగ్రత్తలు?

ప్రశ్న (కావలి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా నాన్నగారు వడ్రంగం చేసేవారు. ఆయన ద్వారబంధాల మీద ఉలితో లతలు చెక్కుతుంటే పక్కన కూర్చుని చూస్తూ పెరిగాను కాని, ఆ పనితనం నా చేతికి రాలేదు. ఇప్పుడు ఇంటి పేరు పలకలు, పూజామందిరం తలుపులకు చిన్న జాలీలు వంటివి సీఎన్‌సీ రౌటర్‌తో (కంప్యూటర్ ఆదేశాల ప్రకారం చెక్కను చెక్కే యంత్రంతో) చేసుకోవాలని బలంగా అనిపిస్తోంది. అమ్మకం ఆలోచన లేదు, సెలవు రోజుల్లో చేసుకునే పని మాత్రమే.

మేము అద్దె ఇంట్లో మొదటి అంతస్తులో ఉంటున్నాము, కింద ఇంటివారు ఉన్నారు. యంత్రం పెట్టడానికి ఒక చిన్న వరండా ఉంది. 3018 అనే చిన్న యంత్రం సరిపోతుందా, లేక కొంత ఆగి డబ్బు కూడబెట్టి 6040 తీసుకోవడం మంచిదా? ఎలాంటి చెక్కతో మొదలుపెట్టాలి? పని మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? పేరు పలకలన్నీ తెలుగులోనే చెక్కాలన్నది నా కోరిక కనుక, అక్షరాల విషయంలో ఇబ్బందులేమైనా ఉంటే అవి కూడా చెప్పగలరు.

జవాబు 1 (నెల్లూరు నుంచి, నాలుగేళ్లుగా ఇంట్లో రౌటర్ నడుపుతున్న వ్యక్తి)

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన పనులకు 3018తోనే మొదలుపెట్టండి. దాని పేరులోనే కొలత ఉంది: 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు వరకు చెక్కుతుంది. మామూలు పేరు పలక అందులో సుఖంగా ఇముడుతుంది. 6040 మంచి యంత్రమే అయినా దాని బరువు, చప్పుడు, పొట్టు అన్నీ ఎక్కువే కనుక అద్దె ఇంటి వరండాకు అది తగదని నా అభిప్రాయం. చిన్న యంత్రం మీద విరిగేవి చిన్న బిట్లే (చెక్కను కోసే మొనలే). ఆ విరిగిన బిట్లు నేర్పినంతగా నాకు ఏ వీడియో కూడా నేర్పలేదు.

ఈ యంత్రం బలం తక్కువన్న సంగతి మాత్రం ఎప్పుడూ మరచిపోవద్దు. కడ్డీలు సన్నవి, స్పిండిల్‌గా (బిట్‌ను తిప్పే భాగంగా) ఉన్నది 775 రకం చిన్న మోటారు. ఒక్కో దఫాలో టేకు వంటి చెక్కలో అర మి.మీ., మెత్తని చెక్కలో ఒక మి.మీ. లోతుకు మించి దించకండి. యంత్రం కింద ఒక కడప రాయి పలక, దాని కింద మందపాటి రబ్బరు ముక్కలు పెడితే అదురు తగ్గుతుంది, కింద ఇంటికి వెళ్లే చప్పుడూ చాలావరకు ఆగుతుంది. యంత్రం సమంగా కూర్చోవడానికి ఆ రాయి నునుపుదనం కూడా పనికివస్తుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది చెక్కను బిగించడంలోనే. మొదటి ఏడాది మే నెలలో నేను రెండువైపులా అంటుకునే టేపుతో చెక్కను అతికించి పని మొదలుపెట్టాను. నెల్లూరు ఎండకు టేపు జిగురు మెత్తబడి, సగం అక్షరం చెక్కేసరికి చెక్క పక్కకు జరిగి, బిట్ విరిగి, ఆ ముక్క నా చెవి పక్క నుంచి వెళ్లి గోడకు తగిలింది. ఆ రోజు కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. అప్పటి నుంచి నేను చేస్తున్న పద్ధతి ఇది. యంత్రం బల్ల మీద ఒక ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన) పలకను మరలతో శాశ్వతంగా బిగించి, దాని పైభాగాన్ని యంత్రంతోనే ఒకసారి పలుచగా చెక్కి సమం చేసుకుంటాను. ఆ పలక మీద ఒక వరుస మాస్కింగ్ టేపు, చెక్క అడుగున మరొక వరుస మాస్కింగ్ టేపు అతికించి, రెండు టేపుల మధ్య ఫెవిక్విక్ చుక్కలు వేసి నొక్కుతాను. ఎండకు అది జారదు. పని అయ్యాక టేపు ఊడబీకితే చెక్కకు మరక ఉండదు. చెక్క మందంగా ఉంటే దీనికి తోడు అంచుల్లో క్లాంపులు కూడా బిగించండి. బిట్ దారిలో క్లాంపు లేదని, బిట్‌ను పైకెత్తి ఉంచి ఒకసారి ఉత్తగా నడిపి చూశాకే అసలు పని మొదలుపెట్టండి.

ఇక వేగం గురించి. బిట్ తిరిగే వేగం, బిట్‌కు ఉన్న అంచుల సంఖ్య, చెక్కలో ముందుకు నడిచే వేగం, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండంచుల బిట్‌ను నిమిషానికి 1,000 మి.మీ. చొప్పున నడిపితే, ఒక్కో అంచు ఒక్కో చుట్టులో 0.05 మి.మీ. మందాన చెక్కను కోస్తుంది. భయపడి దానిని 200 మి.మీ.కు తగ్గిస్తే ఒక్కో అంచుకు దక్కేది 0.01 మి.మీ. మాత్రమే. అప్పుడు బిట్ కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, చెక్క నల్లబడి కమురు వాసన వస్తుంది. 3018కు నిమిషానికి 1,000 మి.మీ. ఎక్కువ అనిపిస్తే ఒకే అంచు ఉన్న బిట్ తీసుకుని 500 మి.మీ.తో నడపండి, లెక్క మళ్లీ 0.05 దగ్గరే నిలుస్తుంది. రాలిన పొట్టును వేళ్లతో నలిపి చూడండి. రవ్వలాగా గరుకుగా తగిలితే వేగం సరిగా ఉన్నట్టు. మైదాపిండిలా మెత్తగా, వెచ్చగా తగిలితే బిట్ రుద్దుతోందని అర్థం.

యంత్రంతో పాటు వచ్చే సన్నని సూది మొన బిట్లు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు గీయడానికి ఉద్దేశించినవి. చెక్కలో పెట్టగానే వాటి కొనలు విరుగుతాయి. 3.175 మి.మీ. కాడ ఉన్న ఒక సాదా బిట్, ఒక వీ ఆకారపు బిట్ విడిగా కొనుక్కోండి, మొదటి ఆరు నెలలకు ఆ రెండే చాలు.

సాఫ్ట్‌వేర్ గురించి బెంగ పడకండి. ఈ యంత్రాలలో ఎక్కువ భాగం జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం మీద నడుస్తాయి, దానికి ఆదేశాలు పంపడానికి యూనివర్సల్ జీకోడ్ సెండర్ ఉచితంగానే దొరుకుతుంది. యంత్రానికి పంపే ఆదేశాల (జీ-కోడ్) ఫైలు మొదట్లో జీ21 ఉందో లేదో చూడటం మాత్రం అలవాటు చేసుకోండి. అది మి.మీ. కొలతకు గుర్తు. జీ20 ఉంటే యంత్రం అంకెలన్నింటినీ అంగుళాలుగా తీసుకుని ఇరవై అయిదు రెట్లకు పైగా పరుగెడుతుంది.

జవాబు 2 (ఉదయగిరి ప్రాంతం నుంచి)

చెక్క సంగతి నేను చెబుతాను. మా ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు తరతరాలుగా చేస్తున్నారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నార్ది, బిక్కి వంటి అడవి చెక్కను ఎంచుకునేటప్పుడు ఆ పనివారు ముందు చూసేది చెక్కలోని నారలు ఏ దిశగా పోతున్నాయన్నదే. యంత్రం వచ్చినంత మాత్రాన ఆ సూత్రం మారదు. నారలకు అడ్డంగా బిట్ నడిచిన చోట అంచులు పీచులు పీచులుగా లేస్తాయి. పలకను బల్ల మీద పెట్టేటప్పుడే నారలు పొడవు దిశలో ఉండేలా చూసుకోండి.

మొదటి ముక్కలకు రబ్బరు చెక్క గాని, బాగా ఆరిన వేప గాని తీసుకోండి. టేకు అందంగా తెగుతుంది కాని అందులో ఇసుక స్వభావమున్న సిలికా ఉండటం వల్ల బిట్ త్వరగా మొద్దుబారుతుంది. అడితి నుంచి తెచ్చిన చెక్కను వెంటనే చెక్కవద్దు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక, గదిలో గోడకు ఆనించకుండా, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి కొన్ని వారాలు ఆరనివ్వండి. పచ్చి చెక్క మీద ఎంత చక్కగా చెక్కినా అది తరువాత వంగుతుంది. వానాకాలంలో ఎండీఎఫ్ తేమకు ఉబ్బుతుంది, మీ అడుగు పలకను అప్పుడప్పుడు మళ్లీ సమం చేసుకోక తప్పదు.

ఇంకొక మాట. ఎర్రచందనం ముక్క ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. చిన్న ముక్కే కదా అనుకోవద్దు, అనుమతి లేకుండా దానిని ఉంచుకోవడం చట్టరీత్యా నేరం.

మార్కాపురం పలకరాయి మీద అక్షరాలు గీయాలన్న కోరిక మీకు తప్పకుండా కలుగుతుంది, మన వైపు అందరికీ కలుగుతుంది. స్ప్రింగు మీద కదిలే వజ్రపు మొన బిట్‌తో, స్పిండిల్ తిప్పకుండా గీతలా గీస్తే పలక మీద తెల్లని గీత చాలా అందంగా వస్తుంది. అయితే ఆ రాతి పొడిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పలకను నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని మాత్రమే చేయండి. చీమకుర్తి గ్రానైటు జోలికి ఈ యంత్రంతో వెళ్లవద్దు.

జవాబు 3 (ఒంగోలు నుంచి ఒక ఎలక్ట్రీషియన్)

కరెంటు విషయంలో మాస్టారు అడిగినది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఈ యంత్రం మోటార్లకు 24 వోల్టుల అడాప్టర్ నుంచి విద్యుత్తు వస్తుంది, కంట్రోలర్ బోర్డుకు మాత్రం ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి కూడా అందుతుంది. కరెంటు పోగానే మోటార్లు ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది కనుక, బోర్డు తాను కదులుతున్నాననే అనుకుంటూ లెక్క వేసుకుంటూ పోతుంది. మళ్లీ కరెంటు రాగానే బిట్ చెక్కలో దిగబడి ఉన్న చోటి నుంచే, తప్పుడు లెక్కతో, ఒక్కసారిగా కదలడం మొదలవుతుంది. ఒక మిత్రుడి ఇంట్లో ఇలాగే జరిగి, దాదాపు పూర్తయిన జాలీ అడ్డంగా చీలిపోవడం నేను కళ్లారా చూశాను. కరెంటు పోయిన మరుక్షణం ముందుగా అడాప్టర్ స్విచ్ ఆపండి, ఆ తరువాతే కంప్యూటర్‌లో పనిని నిలపండి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ చిన్న యంత్రాన్ని దాని మీద నడపవచ్చు. ఇన్వర్టర్ వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దానిలో ఉంచండి, అప్పుడు మార్పిడి త్వరగా జరుగుతుంది. పొట్టు పీల్చే వాక్యూమ్ క్లీనర్‌ను మాత్రం ఇన్వర్టర్‌కు తగిలించకండి. యంత్రానికి లిమిట్ స్విచ్‌లు (అంచుకు చేరగానే బోర్డుకు తెలిపే మీటలు) అమర్చుకుంటే, ఆగిన తరువాత అది మూలకు వెళ్లి తన స్థానాన్ని తిరిగి తెలుసుకుంటుంది. పని మొదలయ్యే చోటుగా జీ54 అనే ఆదేశంలో పెట్టిన మీ సున్నా బోర్డులో భద్రంగా ఉంటుంది కాబట్టి పని పాడవకుండా కొనసాగించవచ్చు.

ఏ కారణమూ లేకుండా మధ్యలో యూఎస్‌బీ తెగిపోతుంటే అది తరచుగా స్పిండిల్ మోటారు బ్రష్‌ల నుంచి పుట్టే విద్యుత్ అలజడే. యూఎస్‌బీ తీగను మోటారు తీగకు దూరంగా నడపండి, మోటారు రెండు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ వేయించండి, ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఒకసారి చూపించండి.

చెక్క పొడి ఊపిరికి మంచిది కాదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు రెండూ తప్పనిసరి. యంత్రం నడుస్తున్నంతసేపు గది విడిచి వెళ్లకండి, మొద్దుబారిన బిట్ రాపిడికి పొట్టు రాజుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు (ఆరు వారాల తరువాత)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. 3018 తెచ్చుకున్నాను, కడప రాయి మీదే కూర్చోబెట్టాను, కింద ఇంటివారు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. వేప పలక మీద మా నాన్నగారి పేరు చెక్కాను. చెక్కడం బాగానే వచ్చింది కాని, వత్తులున్న చోట వత్తు, అక్షరం కలిసే భాగంలో బిట్ రెండుసార్లు తిరిగి ఒక గీత అడ్డంగా పడింది. పైగా జీ-కోడ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. దీనికి మార్గం ఏమైనా ఉందా?

జవాబు 1 వారు

చాలా సంతోషం మాస్టారూ. ఆ రెండూ ఒకే చోట తీరుతాయి. చాలా జీ-కోడ్ సాఫ్ట్‌వేర్లకు తెలుగు అక్షరాలను కూర్చడం తెలియదు, అందువల్ల అక్కడ టైపు చేయవద్దు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంట్‌తో పేరు రాసి, అక్షరాలను గీతలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి, గ్రూపు విడదీయండి, ఆ తరువాత అక్షరాన్ని, దాని వత్తును ఎంచుకుని యూనియన్ చేయండి. అప్పుడు రెండు ఆకారాలూ ఒకే అంచుగా కలిసిపోతాయి కనుక బిట్ లోపలి గీత వెంట నడవదు. ఆ బొమ్మను ఎస్‌వీజీగా దాచి తరువాతి సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకువెళ్లండి.

వీ బిట్ కోణం కూడా చూసుకోండి. 6 మి.మీ. వెడల్పున్న గీతను 60 డిగ్రీల బిట్‌తో చెక్కితే మధ్యలో 5 మి.మీ.కు పైగా లోతు దిగుతుంది, 90 డిగ్రీల బిట్‌తో 3 మి.మీ. చాలు. మన అక్షరాలన్నీ గుండ్రనివి, లోపలి సున్నాలు, తలకట్టు కొనలు సన్నగా ఉంటాయి. లోతు ఎక్కువైతే ఆ మధ్యలో మిగిలిన సన్నని చెక్క నార వెంట ఊడిపోతుంది. అక్షరం ఎత్తు కనీసం 40 మి.మీ. ఉంచి, 90 డిగ్రీల బిట్‌తో, చివరి దఫాకు 0.2 మి.మీ. లోతు మాత్రమే మిగిల్చి నడపండి. మీ నాన్నగారి పేరు పలక మరొకటి చెక్కినప్పుడు ఫొటో ఇక్కడ పెట్టండి, వత్తు అంచును దగ్గరగా తీయండి.