సమస్య: తాను కానిదె తానయ్యెఁ దరచి చూడ

ఇది తేటగీతి పాదం. జీవికీ ప్రపంచానికీ మధ్య నిజంగా గీత ఉందా అన్నది విషయం. వేదాంతం జోలికి పోకుండా, మైక్రోస్కోపుకు అందే జీవంతో పూరించమని మా సభ్యులను కోరాను.

వృక్షశాస్త్రం బోధించే సభ్యురాలి పూరణ:

రాతి పూవున బూజుతో రంగు నాచు
కలసి కాపురముండఁగఁ గాంచ నొకటె;
ఎవరిదీ మేను? యెవరింట నెవరు గలరు?
తాను కానిదె తానయ్యెఁ దరచి చూడ!

అమ్మా, నిర్దోషంగా ఉంది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వే కదా ఇది! అది ఒక్క జీవి కాదని, శిలీంధ్రమూ శైవలమూ కలిసిన రూపమని 1867లో స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ చెబితే ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. మీ మూడో పాదమే పద్యానికి ప్రాణం.

మరొకరిది:

బిడ్డ కణములు తల్లిలోఁ బ్రీతిఁ జేరి
ఏండ్లు గడచిన దేహాన నింక నుండె;
వేరదనుకొన్న యా జీవి వీడకుండ
తాను కానిదె తానయ్యెఁ దరచి చూడ!

"గడచిన దేహాన" అంటే గతించిన శరీరం అనే అర్థం పొడసూపుతోంది. "గడచియు" అనండి. విషయం మాత్రం గొప్పది. మగబిడ్డను కన్న 27 ఏళ్లకు కూడా తల్లి రక్తంలో ఆ బిడ్డ కణాలు దొరికాయని 1996లో ప్రచురించారు. "ప్రీతి" యతి కోసం వచ్చినట్టుంది.

మూడో పూరణ ఎదురు తిరిగింది:

పొరయె లేకున్నఁ గణమేది? పోవు నసువు;
వెలికి సోడియమును నెట్టు వేళ వేళ;
అట్టి కాపరి యుండఁగా నదెటులయ్య
తాను కానిదె తానయ్యెఁ దరచి చూడ?

సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత పద్ధతే అయినా ఇక్కడ దానికి పని ఉంది. ఈ కాపరి కణం పొరలో ఉండే ప్రోటీను పంపు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో గుర్తించిన ఆ పంపు ప్రతి విడతలో 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అది ఆగితే నీరు చొరబడి కణం ఉబ్బిపోతుంది. గీతను నిలుపుకోవడానికి కణం పడే కష్టం ఇంత! నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

మొదటి సభ్యురాలి జవాబు: అయ్యా, ఆ పంపును నడిపే ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువును, చాలావరకు తయారుచేసేది కణంలోనే ఉండే మైటోకాండ్రియా. అది ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా అని జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో వాదించారు. దానికి సొంత డీఎన్‌ఏ ఇప్పటికీ ఉంది. అందుకని ఆ మూడో పాదం ఇలా ఉంటే?

అట్టి కాపరి బలమునే యన్య మొసఁగ

యతి కుదిరింది. ఖండన పోయి సమర్థన వచ్చింది. రెండు పాఠాలనూ ఉంచుతున్నాను.