టేబుల్‌లో కాలమ్ ఉందో లేదో చూసి చేర్చడం సరైన పద్ధతేనా?

మధురవాడ సభ్యుడు:
విశాఖలోని ఒక సరుకు రవాణా సంస్థకు మేము రాసే సాఫ్ట్‌వేర్‌లో, కంటెయినర్ల టేబుల్‌కు సీల్ నంబరు కాలమ్ చేర్చాలి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. స్క్రిప్టు రెండోసారి నడిచినా ఆగిపోకుండా, ముందుగా ఇన్ఫర్మేషన్ స్కీమాలో (టేబుళ్లు, కాలమ్‌ల వివరాలను డేటాబేసే ఉంచుకునే చోటు) వెతికి, కాలమ్ లేకపోతేనే చేర్చాలని నేనంటున్నాను. మా బృందంలోని సీనియర్ గారు ససేమిరా అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

గాజువాక సభ్యుడు:
పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ‘యాడ్ కాలమ్ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ (లేకపోతేనే కాలమ్ చేర్చు) ఉంది, మరియాడీబీ అనే డేటాబేస్‌లోనూ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు కనుక మీ పద్ధతే మేలండి.

సీతమ్మధార సభ్యురాలు:
నేను సీనియర్ గారి పక్షమే. ఆ తనిఖీ చూసేది పేరు ఒక్కటే. టెస్ట్ సర్వర్‌లో ఎవరో అదే పేరుతో పూర్ణాంకాల కాలమ్ ముందే పెట్టి ఉంటే, మీ స్క్రిప్టు ‘ఉంది కదా’ అని దాటిపోతుంది. సీల్ నంబర్లలో అక్షరాలు కూడా ఉంటాయి కాబట్టి, ఆ లోపం బయటపడేది గేటు దగ్గర గుమాస్తా నంబరు ఎక్కించలేక పని ఆగినప్పుడే. అదే తనిఖీ లేకపోతే, ఆ పేరుతో కాలమ్ ఇప్పటికే ఉందని చెప్పే 1060 అనే ఎర్రర్ వచ్చి, ఆ కాలమ్ ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడే ఆరా తీస్తాం. ఏ మార్పు ఏ సర్వర్‌లో జరిగిందో రాసిపెట్టుకునే వెర్షన్ టేబుల్ ఉంటే వెతుకులాటే అక్కరలేదు.

మధురవాడ సభ్యుడు:
మేడమ్, మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం దానంతటదే కమిట్ అయిపోతుంది, అంటే మార్పు అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లోలాగా మొత్తం రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసుకోలేము. అయిదు మార్పులున్న స్క్రిప్టు మూడోదాని దగ్గర ఆగితే, మళ్లీ నడిపినప్పుడు మొదటి మార్పే అడ్డుపడుతుంది. వెర్షన్ టేబుల్‌లో మాత్రం ఆ స్క్రిప్టు పూర్తయినట్టు ఉండదు.

సీతమ్మధార సభ్యురాలు:
ఆ ఇబ్బంది నిజమేనండి, అందుకే ఒక్కో ఫైలులో ఒక్క మార్పే ఉంచమంటాను. అప్పటికీ తనిఖీ తప్పదనుకుంటే, పేరుతో పాటు డేటా టైపు, పొడవు, నల్ (ఖాళీ విలువ) అనుమతి కూడా పోల్చి, ఏ ఒక్కటి తేడా ఉన్నా స్క్రిప్టును ఆపేయండి. ఏ డేటాబేస్‌లో వెతకాలో చెప్పే టేబుల్ స్కీమా షరతు తప్పక పెట్టండి. అది లేకపోతే అదే సర్వర్‌లోని మరో డేటాబేస్‌లో అదే పేరున్న టేబుల్‌ను చూసి, మీ దాంట్లో లేని కాలమ్ ఉందని జవాబిస్తుంది.

గాజువాక సభ్యుడు:
టైపు పోల్చే ఆ షరతు పోస్ట్‌గ్రెస్ వాడేవారికీ వర్తిస్తుంది. అక్కడ కూడా ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ పేరునే చూసి, ఒక నోటీసు మాత్రం ఇచ్చి ముందుకు వెళ్లిపోతుంది.